కండ కోసం ఎక్కించిన నూనె మూత్రపిండాలను ఎలా దెబ్బతీస్తుంది?

2014లో 'ది లాన్సెట్' వైద్య పత్రికలో డెన్మార్క్ వైద్యులు ఒక యువ బాడీబిల్డర్ గురించి రాశారు. కండరాలు పెద్దవిగా కనిపించాలన్న కోరికతో ఆయన పారాఫిన్ నూనెను ఇంజెక్షన్ల ద్వారా ఒంట్లోకి ఎక్కించుకున్నారు. నూనె చేరిన చోట్ల గట్టి గడ్డలు ఏర్పడ్డాయి. శరీరానికి సరిపడని పదార్థం లోపలికి వెళ్తే గడ్డ కట్టడం వైద్యులకు కొత్త విషయమేమీ కాదు. కానీ ఆయన రక్తంలో కాల్షియం తీవ్ర స్థాయికి పెరిగింది. మూత్రపిండాల కణజాలంలోనే కాల్షియం పేరుకుపోయింది.

నూనె ఎక్కించింది కండల్లోకి. దెబ్బ తగిలింది మూత్రపిండాలకు. ఈ రెంటికీ మధ్య ఉన్న సంబంధం పైకి కనిపించేది కాదు. అందుకే ఇలాంటి రోగి ఆసుపత్రికి వచ్చినప్పుడు, తనకున్న బాధకూ ఎప్పుడో వేయించుకున్న ఇంజెక్షన్లకూ పొంతన ఉందని ఆయనకే తోచదు. తోచినా చెప్పుకోవడానికి మొహమాటం అడ్డువస్తుంది. ఆ ఒక్క మాట బయటకు రాకపోవడం వల్ల రోగ నిర్ధారణ ఆలస్యమవుతుంది. కొన్ని సందర్భాల్లో చికిత్స తప్పుదారి పడుతుంది కూడా.

ఆ యువకుడిది ఒంటరి ఉదంతం కాదు. 2018లో 'యూరోపియన్ జర్నల్ ఆఫ్ ఎండోక్రినాలజీ'లో డెన్మార్క్‌కే చెందిన మరో వైద్య బృందం 12 మంది పురుష బాడీబిల్డర్ల వివరాలను ప్రచురించింది. వారంతా వయసులో ఉన్నవారే. అందరూ పారాఫిన్ నూనె ఎక్కించుకున్నవారే. అందరిలోనూ రక్తంలో కాల్షియం పెరిగింది. సాధారణంగా కాల్షియం పెరుగుదలకు కారణమయ్యే పారాథైరాయిడ్ గ్రంథుల పాత్ర మాత్రం వారిలో లేదు.

ఎలాంటి నూనెలు వాడతారు?

ఇలా వాడే నూనెల్లో ప్రధానమైనవి రెండు రకాలు. ఒకటి పారాఫిన్ నూనె. ఇది ముడి చమురు శుద్ధిలో లభించే ఖనిజ నూనె. రెండోది బాడీబిల్డింగ్ ప్రపంచంలో 'సింథాల్' అని పిలిచే మిశ్రమం. 1990ల నుంచి ప్రచారంలో ఉన్న ఈ మిశ్రమంలో దాదాపు 85 శాతం నూనె, 7.5 శాతం నొప్పి తెలియకుండా చేసే లిడోకెయిన్, 7.5 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉంటాయని చెబుతారు. అయితే అనధికారికంగా అమ్మే సీసాలో నిజంగా ఏమున్నదీ కొనేవారికి తెలిసే అవకాశం లేదు. కండలు మెరవడానికి ఒంటికి పూసుకునే నూనె అనే పేరుతోనూ దీన్ని అమ్ముతుంటారు. నువ్వుల నూనె వంటి వంటనూనెలు ఎక్కించుకున్నవారి ఉదంతాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఈ నూనె కండరాన్ని బలపరచదు. కండరపు పోగుల మధ్య చేరి చోటు ఆక్రమిస్తుంది. దాంతో చేయి లావుగా కనిపిస్తుంది తప్ప, ఎత్తగలిగే బరువు ఒక్క కిలో కూడా పెరగదు. పైగా నూనె చుట్టూ పీచులాంటి కణజాలం ఏర్పడే కొద్దీ కండరం బిగుసుకుపోయి ఉన్న బలం కూడా తగ్గవచ్చు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1899లో వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ అనే శస్త్రవైద్యుడు, క్షయ కారణంగా వృషణాలను తొలగించాల్సి వచ్చిన ఒక యువకుడికి ఆ లోటు కనిపించకుండా వ్యాజిలిన్ లాంటి పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చారు. తొలి ఫలితాలు బాగున్నట్టు అనిపించడంతో ముక్కు సరిచేయడానికి, ముఖంపై ముడతలు పోగొట్టడానికి, స్తనాల పరిమాణం పెంచడానికి పారాఫిన్ వాడకం యూరప్, అమెరికాల్లో వ్యాపించింది. తర్వాతి కాలంలో మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ అనే సుందరి ముక్కు తీరు కోసం పారాఫిన్ ఎక్కించుకోగా, అది కిందికి జారి ఆమె ముఖాన్నే వికృతం చేసింది.

కొన్నేళ్లలోనే గడ్డలు, పుండ్లు, పారాఫిన్ శరీరంలో ఒక చోటి నుంచి మరో చోటికి జారిపోవడం వంటి దుష్ఫలితాలు వరుసగా బయటపడ్డాయి. ఆ గడ్డలకు వైద్యులు 'పారాఫినోమా' అని పేరు పెట్టారు. వైద్యులు ఈ పద్ధతిని వదిలేసి చాలా కాలమైంది. వైద్యం వదిలేసిన ఆ పద్ధతే తర్వాతి తరాల్లో వైద్యులతో పని లేకుండా జిమ్‌ల చుట్టూ తిరిగి తలెత్తింది.

శరీరం ఆ నూనెను ఎందుకు వదిలించుకోలేదు?

ఆహారంలో తిన్న నూనెను అరిగించే ఎంజైములు శరీరంలో ఉన్నాయి. ఖనిజ నూనె సంగతి వేరు. దాని అణువులను విడగొట్టగల ఏర్పాటు మానవ శరీరంలో దాదాపు లేదు. కండరంలోకి వెళ్లిన పారాఫిన్ కరగదు, అరగదు, బయటకు పోదు. చిన్న చిన్న బిందువులుగా విడిపోయి కండరపు పోగుల మధ్య ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.

పరాయి పదార్థం కనిపించగానే రోగనిరోధక వ్యవస్థ స్పందిస్తుంది. మొదట అక్కడికి చేరేవాటిలో మాక్రోఫేజ్ అనే భక్షక కణాలు ముఖ్యమైనవి. సూక్ష్మక్రిములనూ చనిపోయిన కణాలనూ మింగి జీర్ణం చేయడం వీటి పని. నూనె బిందువును కూడా మింగుతాయి. జీర్ణం మాత్రం చేయలేవు. అప్పుడు అవి మరిన్ని కణాలను పిలుస్తూ రసాయన సంకేతాలను విడుదల చేస్తాయి. వచ్చిన కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద కణాలుగా మారతాయి. అన్నీ కలిసి ఆ బిందువు చుట్టూ గోడ కడతాయి. ఆ గోడకే గ్రాన్యులోమా అని పేరు.

నశింపజేయలేని దాన్ని కనీసం బంధించి ఉంచడం శరీరానికి తెలిసిన పాత ఉపాయం. క్షయ క్రిమి విషయంలోనూ శరీరం చేసేది ఇదే. ముల్లు విరిగి లోపలే ఉండిపోతే దాని చుట్టూ గట్టిపడటం చాలామందికి అనుభవమే. తేడా పరిమాణంలో ఉంది. ముల్లు చుట్టూ ఏర్పడేది ఆవగింజంత గట్టిదనం. రెండు చేతులు, భుజాలు, ఛాతీలో నూనె నింపుకున్న మనిషిలో వేల సంఖ్యలో గ్రాన్యులోమాలు ఒకేసారి పనిచేస్తుంటాయి. కరగని నూనె అక్కడే ఉన్నంత కాలం ఈ ఇన్‌ఫ్లమేషన్ చల్లారదు.

కాల్షియం లెక్క ఎలా తప్పుతుంది?

పెద్దవారి శరీరంలో సుమారు కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, దంతాల్లోనే ఉంటుంది. రక్తంలో తిరిగేది అతి స్వల్పం. కానీ గుండె కొట్టుకోవడం, కండరం ముడుచుకోవడం, నరాల సంకేతాలు ప్రయాణించడం ఆ కొద్దిపాటి కాల్షియం మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే శరీరం దాన్ని ఇరుకైన హద్దుల మధ్య నిలుపుతుంది. డెసీలీటరు రక్తంలో దాదాపు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల వరకు సాధారణ స్థాయిగా పరిగణిస్తారు. 14 దాటితే ప్రాణాపాయ స్థితిగా భావించి అత్యవసర చికిత్స అందిస్తారు.

ఈ హద్దులను కాపాడేవి మెడలో థైరాయిడ్ వెనుక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు, వాటితోపాటు విటమిన్ డి. ఎండ తగిలినప్పుడు చర్మంలో తయారయ్యే విటమిన్ డి నేరుగా పనిచేయదు. కాలేయంలో ఒకసారి మార్పు చెంది నిల్వ రూపంలోకి వస్తుంది. తర్వాత మూత్రపిండాల్లో మరోసారి మారి కాల్సిట్రయోల్ అనే చురుకైన హార్మోనుగా తయారవుతుంది. ఆహారంలోని కాల్షియాన్ని పేగుల నుంచి రక్తంలోకి ఎక్కువగా చేర్చేది ఈ కాల్సిట్రయోలే.

చివరి మార్పును మూత్రపిండాలు విచ్చలవిడిగా చేయవు. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోను పెరిగి, కాల్సిట్రయోల్ తయారుచేయమని మూత్రపిండానికి చెబుతుంది. కాల్షియం చాలినంత చేరగానే ఆ హార్మోను తగ్గుతుంది, తయారీ మందగిస్తుంది. తొట్టి నిండగానే కొళాయి కట్టేసినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు.

సమస్య ఏమిటంటే, నిల్వ రూపాన్ని చురుకైన హార్మోనుగా మార్చే ఎంజైము మూత్రపిండాలకే పరిమితం కాదు. గ్రాన్యులోమాలోని మాక్రోఫేజ్ కణాల్లోనూ అది ఉంటుంది. అక్కడ దానికి పారాథైరాయిడ్ హార్మోను ఆజ్ఞలతో పని లేదు. ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు అందుతున్నంత కాలం అది పనిచేస్తూనే ఉంటుంది. రక్తంలో కాల్షియం ఎంత పెరిగినా ఆగదు. పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోనును దాదాపు పూర్తిగా ఆపేస్తాయి, మూత్రపిండం తన వంతు తయారీ మానుకుంటుంది. అయినా కండల్లోని గడ్డలు కాల్సిట్రయోల్‌ను రక్తంలోకి వదులుతూనే ఉంటాయి.

మాక్రోఫేజ్‌లకు ఈ ఎంజైము ఎందుకుంది? అది లోపం కాదు, రక్షణ ఏర్పాటు. ఈ కణాలు విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చుకుని క్షయ క్రిమిని చంపగల పదార్థాన్ని తయారుచేసుకుంటాయని 2006లో 'సైన్స్' పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. సూక్ష్మక్రిమితో కొద్ది చోట పోరాడటానికి ఏర్పడిన ఈ వ్యవస్థ, చావని క్రిమికి బదులు కరగని నూనె ఎదురైనప్పుడు ఆపే వీలులేని కర్మాగారంగా మారుతుంది.

రుజువు ఎలా దొరికింది?

మూత్రపిండాల వెలుపల కాల్సిట్రయోల్ తయారవుతుందన్న సంగతి నూనె ఇంజెక్షన్ల వల్ల తెలిసింది కాదు. ఊపిరితిత్తుల్లోనూ ఇతర అవయవాల్లోనూ గ్రాన్యులోమాలు ఏర్పడే సార్కాయిడోసిస్ అనే వ్యాధి ఉన్నవారిలో కాల్షియం పెరుగుతుందని వైద్యులు చాలా కాలంగా గమనిస్తూ వచ్చారు. 1981లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఒక అరుదైన రోగి వివరాలు ప్రచురించింది. ఆ రోగికి సార్కాయిడోసిస్ ఉంది, మూత్రపిండాలు లేవు. అయినా రక్తంలో కాల్సిట్రయోల్ ఎక్కువగానే ఉంది. మూత్రపిండం లేని మనిషిలో ఆ హార్మోను ఉందంటే మరో చోట తయారవుతున్నట్టే.

మూడేళ్ల తర్వాత, 1984లో అదే పత్రిక సిలికాన్ వల్ల ఏర్పడిన గ్రాన్యులోమాలకూ కాల్షియం పెరుగుదలకూ ఉన్న సంబంధాన్ని నమోదు చేసింది. అంటే వ్యాధి ఏదైనా, పదార్థం ఏదైనా, గ్రాన్యులోమాలు పెద్ద సంఖ్యలో ఏర్పడితే ఈ ప్రమాదం ఉంటుంది. ముఖ సౌందర్యం కోసం, శరీరాకృతి కోసం వాడే పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్ రేణువుల ఇంజెక్షన్ల తర్వాత కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలను బ్రెజిల్ వైద్యులు ప్రచురించారు.

బ్రెజిల్‌లో మరో దారి కూడా కనిపించింది. పశువుల కోసం తయారుచేసిన, విటమిన్ ఎ, డి, ఇ కలిసిన నూనె ఇంజెక్షన్లను కొందరు బాడీబిల్డర్లు తమకే వేసుకున్నారు. ఇక్కడ ప్రమాదం రెండింతలు. నూనె గడ్డ కడుతుంది, అదే సీసాలోని విటమిన్ డి మోతాదు మించి శరీరంలో పేరుకుంటుంది.

శరీరంలో కనిపించే సూచనలు ఏమిటి?

కాల్షియం పెరుగుదల ఒక్కరోజులో బయటపడేది కాదు. ఇంజెక్షన్లు వేయించుకున్న కొన్నేళ్ల తర్వాత కూడా మొదలుకావచ్చు. తొలి సూచనలు సాదాసీదాగా ఉంటాయి. నీరసం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, మలబద్ధకం, ఆకలి మందగించడం, వికారం వంటివి కనిపిస్తాయి. ఎండాకాలంలో ఇవన్నీ ఎవరికైనా ఉండే ఇబ్బందుల్లాగే అనిపిస్తాయి. కాల్షియం బాగా పెరిగితే అయోమయం, మగత, గుండె లయలో మార్పులు రావచ్చు.

మూత్రపిండాల మీద దెబ్బ పలు విధాలుగా పడుతుంది. అదనపు కాల్షియాన్ని బయటకు పంపే క్రమంలో రాళ్లు ఏర్పడతాయి. మూత్రాన్ని చిక్కబరచే శక్తి తగ్గి ఒంట్లోని నీరు ఎక్కువగా పోతుంది. నీరు తగ్గే కొద్దీ రక్తంలో కాల్షియం మరింత పెరుగుతుంది. ఇది ఒకదాన్నొకటి పెంచుకునే వలయం. ఎండలు మండే ప్రాంతాల్లో చెమట రూపంలో పోయే నీరు కూడా దీనికి తోడవుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే మూత్రపిండాల కణజాలంలోనే కాల్షియం పేరుకుని, వాటి పనితీరు శాశ్వతంగా పడిపోతుంది.

బాడీబిల్డర్ల విషయంలో మరో చిక్కు ఉంది. మూత్రపిండాల పనితీరును అంచనా వేయడానికి చేసే క్రియాటినిన్ పరీక్ష కండరాల పరిమాణం మీద కూడా ఆధారపడుతుంది. కండ ఎక్కువగా ఉన్నవారిలో, క్రియాటిన్ పొడి వాడేవారిలో ఆ సంఖ్య కొంత ఎక్కువగా రావడం మామూలే. దాంతో నిజమైన దెబ్బను కూడా 'జిమ్‌కు వెళ్తాను కదా' అని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. సందేహం ఉన్నప్పుడు కండర పరిమాణం ప్రభావం అంతగా లేని సిస్టాటిన్ సి పరీక్ష వైద్యులకు తోడ్పడుతుంది.

విటమిన్ డి మాత్ర ఎందుకు ప్రమాదం?

నీరసంగా ఉందని రోగి వెళ్తాడు. విటమిన్ డి పరీక్ష చేస్తారు. ఫలితం తక్కువగా వస్తుంది. విటమిన్ డి లోపం భారత్‌లో విస్తారంగా ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వారానికి ఒకటి చొప్పున వాడే 60,000 యూనిట్ల పొడి పొట్లమో మాత్రో రాసిస్తారు. కొందరు వైద్యుడిని అడగకుండా మందుల దుకాణంలో కొనేస్తారు. జిమ్‌లో వాడే కొన్ని పోషక పొడుల్లోనూ కాల్షియం, విటమిన్ డి కలిసి ఉంటాయి.

సాధారణంగా చేసే పరీక్ష కొలిచేది విటమిన్ డి నిల్వ రూపాన్ని. గ్రాన్యులోమాలు ఉన్నవారిలో ఆ నిల్వ వేగంగా ఖర్చై చురుకైన హార్మోనుగా మారిపోతుంది. కాబట్టి నిల్వ తక్కువగా కనిపించినప్పుడే హార్మోను ఎక్కువగా ఉండవచ్చు. ఆ స్థితిలో విటమిన్ డి ఇవ్వడమంటే ఆపే వీలులేని కర్మాగారానికి ముడిసరుకు అందించడమే. కొన్ని వారాల్లో కాల్షియం ఒక్కసారిగా పెరిగిపోవచ్చు.

అందుకే ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదు. రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి నిల్వ రూపం, కాల్సిట్రయోల్, వీటన్నిటినీ కలిపి చూడాలి. కాల్షియం ఎక్కువగా ఉండి పారాథైరాయిడ్ హార్మోను బాగా తగ్గి ఉంటే తప్పు ఆ గ్రంథులది కాదని అర్థం. క్యాన్సర్, విటమిన్ డి అతి వాడకం వంటి ఇతర కారణాలను పరిశీలించాలి. కాల్సిట్రయోల్ కూడా ఎక్కువగా ఉంటే శరీరంలో ఎక్కడో గ్రాన్యులోమాలు ఉన్నాయేమోనని వెతకాలి. రక్తంలో కాల్సిట్రయోల్ మరీ ఎక్కువగా కనిపించకపోయినా, అంత కాల్షియం ఉన్నప్పుడు అది పడిపోయి ఉండాల్సింది కాబట్టి, మామూలు స్థాయి కూడా అనుమానించదగినదే.

క్షయగా పొరబడే అవకాశం

దక్షిణాసియాలో ఈ సమస్యకు మరో కోణం ఉంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నారు. క్షయలోనూ గ్రాన్యులోమాలు ఏర్పడతాయి, క్షయలోనూ కాల్షియం పెరగవచ్చు. గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షించినప్పుడు గ్రాన్యులోమా ఉందని నివేదిక వస్తే ఇక్కడి వైద్యుడికి మొదట గుర్తొచ్చేది క్షయే. అలా గుర్తుకు రావడం సబబే. కానీ ఇంజెక్షన్ల సంగతి తెలియకపోతే, లేని క్షయకు నెలల తరబడి మందులు వాడే పరిస్థితి ఏర్పడవచ్చు.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు ఇంకా ప్రమాదకరం. నూనె గడ్డలే కారణమనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే, లోపల నిజంగానే క్షయ దాగి ఉన్నప్పుడు అది విజృంభిస్తుంది. శుభ్రత లేని సూదుల వల్ల క్షయ క్రిమికి దగ్గరి జాతులైన ఇతర మైకోబాక్టీరియాలు సోకి గడ్డలు చీము పట్టే అవకాశమూ ఉంది. కాబట్టి రెండిటినీ వేరుచేసే పరీక్షలు తప్పనిసరి.

సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు ఈ తేడా కొంతవరకు తెలుస్తుంది. పరీక్షకు సిద్ధం చేసే క్రమంలో నూనె కరిగిపోవడంతో పారాఫినోమా ముక్క గుండ్రటి ఖాళీలతో జల్లెడలా కనిపిస్తుంది. క్షయ గ్రాన్యులోమా మధ్యభాగం తరచుగా చచ్చుబడి జున్నులా ఉంటుంది. క్షయ క్రిమి జన్యు పదార్థాన్ని గుర్తించే పరీక్ష, కల్చర్ పరీక్ష ఈ నిర్ధారణను బలపరుస్తాయి. అల్ట్రాసౌండ్, ఎమ్మారై స్కాన్లు నూనె ఎంత మేర విస్తరించిందో చూపుతాయి.

చికిత్స ఉందా?

కాల్షియం ప్రమాదకర స్థాయిలో ఉంటే ముందుగా సెలైన్ ఎక్కించి శరీరంలో నీటి లోటు తీరుస్తారు. అవసరాన్ని బట్టి కాల్షియాన్ని త్వరగా తగ్గించే ఇంజెక్షన్లు ఇస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి డయాలిసిస్ కావాల్సి రావచ్చు. విటమిన్ డి, కాల్షియం మాత్రలు ఆపేస్తారు. ఆహారంలో కాల్షియాన్ని తగ్గిస్తారు. ఎక్కువసేపు ఎండలో ఉండవద్దని చెబుతారు. రక్తపోటుకు వాడే థయజైడ్ రకం మందులు మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతాయి కాబట్టి వాటిని మార్చాల్సి ఉంటుంది.

తర్వాతి దశలో మంటను అదుపు చేస్తారు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు మాక్రోఫేజ్‌లలో కాల్సిట్రయోల్ తయారీని తగ్గిస్తాయి. అయితే నూనె శరీరంలోనే ఉండిపోతుంది కాబట్టి మందు ఆపితే సమస్య తిరిగి రావచ్చు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడితే మధుమేహం, ఎముకలు గుల్లబారడం, ఇన్‌ఫెక్షన్లు వంటి బాధలు ఎదురవుతాయి. ఆ ఎంజైమును అడ్డుకునే కీటోకొనజోల్, రోగనిరోధక ప్రతిస్పందనను తగ్గించే ఇతర మందులను కూడా కొందరిలో వాడుతున్నారు. వాటికీ దుష్ప్రభావాలు ఉంటాయి.

గడ్డలన్నిటినీ కోసి తీసేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. ఒకటి రెండు చోట్లకే పరిమితమైన గడ్డలను తొలగించడం సాధ్యమే. కానీ ఇసుకలో ఇంకిన నూనెలా కండరమంతా పాకినప్పుడు, నూనెను తీయాలంటే కండరాన్నీ తీయాలి. శస్త్రచికిత్స తర్వాత చేతి బలం తగ్గడం, పెద్ద మచ్చలు మిగలడం, పుండు త్వరగా మానకపోవడం జరుగుతాయి. కొంత నూనె మిగిలిపోతే గడ్డలు మళ్లీ ఏర్పడవచ్చు.

ఇంజెక్షన్ సమయంలోనే జరిగే అపాయాలు వేరే ఉన్నాయి. సూది రక్తనాళంలోకి వెళ్తే నూనె ఊపిరితిత్తులకు చేరి శ్వాసకు అడ్డుపడుతుంది. అది ప్రాణాంతకం కావచ్చు.

ఎవరు భయపడాలి, ఎవరు భయపడనక్కర్లేదు?

వైద్యులు రాసే కొన్ని హార్మోను ఇంజెక్షన్లు కూడా నూనెలో కలిపినవే ఉంటాయి. వాటి మోతాదు తక్కువ. అవి క్రిమిరహితంగా తయారవుతాయి. శరీరం క్రమంగా పీల్చుకోగల నూనెలనే వాటిలో వాడతారు. వాటిని వాడుతున్నవారు ఈ కారణంగా మందు మానుకోవాల్సిన పని లేదు.

పారాఫిన్, సింథాల్, వంటనూనె, ద్రవ సిలికాన్ వంటివి జిమ్‌లోనో, ఇంట్లోనో, అర్హత లేని వ్యక్తుల చేతనో ఎక్కించుకున్నవారి పరిస్థితి వేరు. ఇది బాడీబిల్డర్లకే పరిమితమైన సమస్య కాదు. ప్రపంచంలో పలు చోట్ల పిరుదులు, స్తనాల ఆకృతి కోసం మహిళలు, ట్రాన్స్ మహిళలు ఇలాంటి ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారు. సురక్షితమైన వైద్యం అందుబాటులో లేకపోవడం, ఉన్నా ఖర్చు భరించలేకపోవడం, ఆసుపత్రిలో అవమానం ఎదురవుతుందన్న భయం ఇందుకు కారణాలు. శరీరాకృతి మార్చడానికి ఇంజెక్షన్ రూపంలో సిలికాన్ వాడకాన్ని తాము ఆమోదించలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ప్రజలను హెచ్చరించింది.

ఇప్పటికే ఎక్కించుకున్నవారందరికీ కాల్షియం పెరుగుతుందని కాదు. కానీ పెరిగితే తొలి దశలో తెలియకపోవచ్చు. అందువల్ల ఏ బాధా లేకపోయినా రక్తంలో కాల్షియం, మూత్రపిండాల పనితీరు పరీక్షలను అప్పుడప్పుడు చేయించుకోవడం మేలు. విటమిన్ డి, కాల్షియం మాత్రలను సొంతంగా వాడకూడదు. గడ్డలను నొక్కడం, సూదితో నూనె తీయించుకోవడానికి ప్రయత్నించడం వంటివి చేయకూడదు. దాహం, మలబద్ధకం, అయోమయం ఒకేసారి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వెళ్లినప్పుడు ఏ పదార్థం, ఎప్పుడు, శరీరంలో ఏ భాగంలో, సుమారుగా ఎంత ఎక్కించుకున్నదీ వైద్యుడికి చెప్పాలి. సీసా మిగిలి ఉంటే వెంట తీసుకెళ్లాలి. పదేళ్ల కిందటి మాట అయినా చెప్పాలి. రోగి తనంతట తాను చెప్పలేని పరిస్థితి ఉంటుంది కాబట్టి, కారణం తెలియని కాల్షియం పెరుగుదల కనిపించిన ప్రతిసారీ వైద్యులు కూడా తప్పుబట్టే ధోరణి లేకుండా ఈ ప్రశ్న అడగాలి. రక్త పరీక్ష కాల్షియం పెరిగిందని చెప్పగలదు, ముక్క పరీక్ష గ్రాన్యులోమా ఉందని చెప్పగలదు. అది దేనివల్ల వచ్చిందో త్వరగా చెప్పగలిగేది చాలాసార్లు రోగి ఒక్కరే. ఆ మాట ముందుగా బయటపడితే మూత్రపిండాలను కాపాడుకునే అవకాశం ఎక్కువ.